పాత ఆల్ఫా, కొత్త పోర్షా: స్టుట్‌గార్ట్ నుంచి బొలోన్యా దాకా

పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొనాలని మా బావకు ఎప్పటినుంచో ఉంది. ఇంజనీరు కాబట్టి దేన్నైనా అంకెల్లోనే చూస్తాడు. మనసు మాత్రం 1960ల నాటి పోర్షా 911 మీద పడింది. అంకెల ప్రకారమే పోతే ఈనాటి మామూలు ఫ్యామిలీ కారు కూడా దాన్ని వెనక్కి నెట్టేస్తుంది. మరి అంత డబ్బు దేనికి పెడుతున్నట్టు? అది తేలేదాకా కొనడానికి వీల్లేదని అక్క తేల్చి చెప్పింది. అలా మొదలైంది ఈ ప్రయాణం. జర్మనీలో మ్యూజియంలు, ఆటోబాన్ అనే అక్కడి హైవే మీద ఒక కొత్త కారు, ఇటలీ కొండల్లో ఒక పాత కారు. నాకు కొనే ఉద్దేశం లేదు. నడిపే అవకాశం దొరికితే వద్దనే రకమూ కాదు.

స్టుట్‌గార్ట్‌లో దిగినవాళ్లు ముందుగా వెళ్లేది జుఫెన్‌హౌసెన్‌లోని పోర్షా మ్యూజియానికే. లోకల్ రైలు ఎస్6 ఎక్కితే నోయ్‌విర్ట్స్‌హౌస్ స్టేషన్‌లో దిగి నాలుగడుగులు వేస్తే చాలు, టాక్సీ అనవసరం. సోమవారం సెలవు. మెర్సిడెస్ మ్యూజియానికి కూడా అదే సెలవు కాబట్టి వారం మొదట్లో ఊళ్లోకి దిగొద్దు.

మొదటి తరం 911 ముందు బావ చాలాసేపు నిలబడిపోయాడు. రెండు లీటర్ల ఇంజన్, ఆరు సిలిండర్లు, 130 హార్స్‌పవర్, గంటకు 210 కిలోమీటర్ల వేగం, బరువు వెయ్యి కిలోలకు కొంచెం పైన. 1963లో అది గొప్పే. లోపల గాజు గోడ వెనక ఒక వర్క్‌షాపు కనిపిస్తుంది. ఈ మ్యూజియం కార్లు చాలావరకు నడిచే స్థితిలోనే ఉంటాయి, ర్యాలీలకూ ప్రదర్శనలకూ బయటికి వెళ్లి వస్తుంటాయి. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ గాజు గోడ. తెల్లటి హాలులో మెరిసిపోతూ నిలబడ్డ కారు కంటే, ఇంజన్ కిందికి దించి, వైర్లు వేలాడుతున్న కారు ఎక్కువ నిజంగా అనిపించింది. కొనేవాడికి దక్కేది ఎక్కువగా ఈ రెండో దృశ్యమే కదా.

మెర్సిడెస్ బెంజ్ మ్యూజియం ఇంకా పెద్దది. లిఫ్టులో పై అంతస్తుకు తీసుకెళ్తారు, అక్కణ్ణుంచి వాలుగా తిరుగుతూ కిందికి రావాలి. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే రెండోదానిలో కాళ్లు తప్ప ఏమీ గుర్తుండవు. మా విషయానికి సంబంధించి ఇక్కడ చూడాల్సింది ఒక్కటే, మెర్సిడెస్ రేసు కారుకు కప్పు వేసి చేసిన ఉహ్లెన్‌హౌట్ కూపే. 1955లో ఇలాంటివి రెండే తయారుచేశారు. ఒకటి కంపెనీ దగ్గరే ఉంది. రెండోదాన్ని 2022లో ఇదే మ్యూజియంలో వేలం వేస్తే 13.5 కోట్ల యూరోలు పలికింది. అప్పటిదాకా ఏ కారుకూ అంత ధర రాలేదు. దాని వేగం గంటకు సుమారు 290 కిలోమీటర్లు. మేం మర్నాటికి అద్దెకు మాట్లాడుకున్న కొత్త 911 కారెరా వేగం 293.

“అంటే ఆ మూడు కిలోమీటర్ల కోసం కొత్తదే కొనాలంటావా?” అన్నాను. బావ నవ్వలేదు.

బస బోబ్లింగెన్‌లో. ఒకప్పటి విమానాశ్రయం స్థలంలో ఇప్పుడు మోటర్‌వరల్డ్ అనే సముదాయం ఉంది. పాత కార్ల డీలర్లు, మెకానిక్ షెడ్లు, జనం తమ కార్లను అద్దెకు నిలుపుకునే గాజు గదులు, అన్నీ ఒకే కప్పు కింద. ప్రవేశం ఉచితం. ఆవరణలోనే హోటల్ ఉంది, కారు బాడీతో చేసిన మంచాలున్న గదులు కూడా ఇస్తారు. పిల్లలతో వెళ్తే అవి సరదా. నిద్రే ముఖ్యమైతే మామూలు గది తీసుకోండి. నన్నడిగితే టికెట్ పెట్టి చూసిన రెండు మ్యూజియంల కంటే కొనాలనుకునేవాడికి ఈ ఉచిత హాలే ఎక్కువ నేర్పుతుంది. గాజు గదుల్లో కార్లకు బ్యాటరీ చార్జర్ తగిలించి ఉంటుంది. కింద ట్రేలో నాలుగు నూనె చుక్కలు. టైర్ల మీద నాలుగంకెల కోడ్ చూడమని అక్కడి మెకానిక్ ఒకాయన చెప్పాడు. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. తక్కువ తిరిగిన కారు టైరు అరగదు, కానీ రబ్బరు గట్టిపడిపోతుంది. చూడ్డానికి కొత్తగా ఉండి వానలో జారేది అలాంటిదే. పెట్రోలు సంగతీ ఆయనే చెప్పాడు. ఎథనాల్ ఎక్కువున్న ఇంధనం పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది, అందుకే వాళ్లు పది శాతం దాకా ఎథనాల్ ఉండే ఇ10 పెట్రోలు జోలికి పోరు. ముప్పై ఏళ్లు దాటి, మంచి స్థితిలో ఉన్న కారుకు జర్మనీలో నంబర్ చివర ‘హెచ్’ అక్షరం ఇస్తారు. అదుంటే పర్యావరణ ఆంక్షలున్న నగర కేంద్రాల్లోకీ వెళ్లనిస్తారు.

కొత్త 911 గురించి పెద్దగా రాయడానికేం లేదు. అదే దాని గొప్పతనం, అదే దాని లోపం. 385 హార్స్‌పవర్, సున్నా నుంచి వంద చేరడానికి 4.2 సెకన్లు. ఏ81 రహదారి మీద దక్షిణంగా వెళ్తే వేగ పరిమితి లేని చోట్లు వస్తాయి. పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు బావ రెండొందలు దాటించాడు. పక్క సీట్లో కూర్చుని నేను ఫోన్‌లో రైలు టికెట్లు చూసుకుంటున్నాను. అంత నిశ్చింతగా ఉంది! కారు మా ఇద్దరినుంచీ ఏమీ అడగలేదు. బ్రేకు నొక్కితే ఆగింది, తిప్పితే తిరిగింది. అద్దె సంస్థ వాళ్ల పద్ధతీ అలాగే ఉంది. ఫొటోలు, సంతకం, తాళం, అంతే. డిపాజిట్ బాగా ఎక్కువ కాబట్టి క్రెడిట్ కార్డు పరిమితి ముందే చూసుకోవాలి. దిగాక బావ అన్న మాట: “చాలా బాగుంది. రేపు మళ్లీ నడపాలని మాత్రం లేదు.”

మ్యూనిక్‌లో రైలు మారి, బ్రెన్నర్ కనుమ మీదుగా బోల్జానో చేరాం. ఈ రైలు ప్రయాణానికి పూర్తి మార్కులు వేస్తాను. ఆల్ప్స్‌ను మొదట కిటికీలోంచి చూసి, ఆ తర్వాత స్టీరింగ్ పట్టుకోవడమే సరైన వరుస.

బోల్జానో దగ్గర ఒక చిన్న సంస్థ నుంచి 1970ల ఆల్ఫా రోమియో స్పైడర్ తీసుకున్నాం. రెండు లీటర్లది, గాలిలో పెట్రోలు కలిపే జంట కార్బురేటర్లు రెండు, 130 హార్స్‌పవర్ చుట్టుపక్కల, బరువు టన్నుకు కాస్త ఎక్కువ. ఈ మోడల్ 1966లో మొదలై 1990ల తొలినాళ్ల దాకా వచ్చింది, కాబట్టి విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. తాళం ఇచ్చే ముందు ఆ సంస్థ మెకానిక్ మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊరు ఒక చుట్టు తిప్పాడు. ఇంజన్ వేడెక్కేదాకా గట్టిగా తొక్కొద్దు. రెండో గేరు సింక్రో, అంటే గేరు మెత్తగా పడేలా చేసే భాగం, అరిగిపోవడం ఈ ఆల్ఫాలకు పుట్టుకతో వచ్చిన జబ్బు, చల్లగా ఉన్నప్పుడు మెల్లగా వెయ్యండి. దిగేటప్పుడు బ్రేకు మీద ఆధారపడొద్దు, గేరు తగ్గించండి. ఎక్కడాగినా ఫోన్ చెయ్యండి. సేవ అంటే ఇలా ఉండాలి. ఒక్క ఫిర్యాదు ఉంది. రోజుకు ఇన్ని కిలోమీటర్లే అన్న పరిమితి ఒప్పందం చివరి పేజీలో తప్ప ముందెక్కడా చెప్పలేదు. పాత కారు అద్దెకు తీసుకునేవాళ్లు ఆ అంకె ముందే అడిగి రాయించుకోండి.

గేరు రాడ్డు నేల మీదినుంచి కాకుండా డ్యాష్‌బోర్డు కిందినుంచి ముందుకు పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. సీటు మనిషిని చూసి చేసినది కాదు, కాళ్లు పొట్టి, చేతులు పొడుగూ ఉన్నవాడెవడికో కుట్టింది. పెట్రోలు వాసన, వేడి నూనె వాసన, సిగ్నల్ దగ్గర ఆగితే వణుకు. మొదటి అరగంట నాకు ఇదేం ఖర్మ అనిపించింది. ఊరు దాటి మెండోలా కనుమ ఎక్కడం మొదలుపెట్టాక అంతా మారిపోయింది. ఎత్తు 1,363 మీటర్లే. కొండ అంచున చెక్కిన దారి, మంచి తారు. నలభై, యాభై వేగంలోనే చేతినిండా పని. మలుపుకు ముందు బ్రేకు, గేరు తగ్గించేటప్పుడు ఇంజన్‌ను కాస్త ఎగదొయ్యడం, మలుపు మధ్యలో ముందు చక్రాలు దేనిమీద నడుస్తున్నాయో అరచేతికి తెలియడం. ఒక గేరు సరిగ్గా పడితే ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. పడకపోతే ‘కర్ర్’ మన్న శబ్దానికి ఇద్దరం కళ్లు మూసుకున్నాం. కొత్త కారులో రెండొందల దగ్గర కూడా రాని ఉత్సాహం ఇక్కడ యాభైలో వచ్చింది. కారణం మాయ కాదు, ఆ కారు హద్దు మా హద్దుకు దగ్గరగా ఉంది. కొత్త 911 సత్తా చూడాలంటే రేస్ ట్రాక్ కావాలి. ఈ ఆల్ఫా మొత్తం సత్తాను చట్టం ఒప్పుకునే వేగంలోనే వాడేసుకోవచ్చు.

స్టెల్వియో కనుమ గురించి అందరూ రాస్తారు. ప్రాటో ఊరి వైపు నుంచి 48 హెయిర్‌పిన్ మలుపులు (వెనక్కి తిరిగేంత వంపులు), 2,757 మీటర్ల ఎత్తు, 1820ల్లో వేసిన దారి. చూడ్డానికి అద్భుతం. నడపడానికి? పాత కారుకు అంత సుఖం కాదు. సైకిళ్లు, బైకులు, బస్సులు, ప్రతి మలుపులోనూ మొదటి గేరు, క్లచ్ కాలుతున్న వాసన. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, శిఖరం దగ్గరకొచ్చేసరికి దాదాపు పావు వంతు తగ్గుతుంది. కార్బురేటర్‌కు ఆ సంగతి తెలియదు, దాదాపు సముద్రమట్టంలో పోసినంత పెట్రోలే పోస్తుంది. ఇంజన్‌కు ఊపిరాడదు. పైన ఆపి, ఫొటోలు తీసుకుని మళ్లీ స్టార్ట్ చేస్తే కారు ససేమిరా అంది. వేడికి గొట్టాల్లో పెట్రోలు ఆవిరైపోయిందని మెకానిక్ ఫోన్‌లోనే చెప్పాడు. బానెట్ ఎత్తి, చల్లారనిచ్చి, మళ్లీ తిప్పితే చక్కగా అందుకుంది. ఆ ఆగిన కాసేపట్లో ఎంతమంది వచ్చి పలకరించారో! తన తండ్రికి ఇలాంటిదే ఉండేదని ఒక జర్మన్ పెద్దాయన ఇంజన్‌లోకి తొంగి చూస్తూ అక్కడే నిలబడ్డాడు. కొత్త 911ను పెట్రోల్ బంకులో ఎవరూ కన్నెత్తి చూడలేదు. అయితే ఇది సెలవు మీద ఉన్నవాడి సంబరం. సోమవారం ఆఫీసుకు వెళ్తూ అదే కారు అలా ఆగిపోతే పెద్దాయన కబుర్లు ఎవరికి కావాలి?

ఆ రాత్రి లోయలో ఒక గెస్ట్‌హౌస్‌లో దిగాం. తాళం వేసే గ్యారేజీ ఉందని ముందే మెయిల్‌లో అడిగి ఖాయం చేసుకున్నాం. పాత కారుతో వెళ్తే గది ఎలా ఉందన్నదాని కంటే ఇది ముఖ్యం. బట్ట టాపు కారును రాత్రంతా వీధిలో వదిలి ఎవరికీ నిద్ర పట్టదు. తెల్లారి వాన. టాపు మూసినా ఎడమ మూలనుంచి నా మోకాలి మీద చుక్కలు పడుతూనే ఉన్నాయి. అద్దాలకు ఆవిరి పట్టింది, వైపర్లు తమకు తోచినట్టు ఊగాయి. మోడెనా దాకా ఏ22 రహదారి మీద లారీల పక్కన గంటల తరబడి ఆ మోత. భావోద్వేగం అన్నమాట ఆ దారిలో ఎక్కడా నోటికి రాలేదు. ఆ రోజు ఎవరైనా అడిగితే ఆ ఆల్ఫాను ఉచితంగా ఇచ్చేసేవాణ్ణి.

మోడెనాలో పాత ఊరిలోకి కారు పోనివ్వని జోన్లున్నాయి, కెమెరాలు నంబరు పట్టేస్తాయి. అందుకే ఆ గీత బయటే హోటల్ చూసుకున్నాం. ఎంజో ఫెరారీ పుట్టిన ఇంటి పక్కన, పసుపు పచ్చ కప్పుతో ఉన్న మ్యూజియం 2012లో తెరిచారు. మరనెల్లోలోని ఫెరారీ మ్యూజియం వేరు. రెండింటికీ కలిపి టికెట్ ఉంది, మధ్య బస్సు తిరుగుతుంది. రేసులంటే ఇష్టమైతే మరనెల్లో, కారు రూపం మీద ప్రేమైతే మోడెనా. ఒక్కటే చూడగలిగితే నేను మోడెనాకే వెళ్తాను.

చివరి మజిలీ బొలోన్యా నుంచి ఫ్లోరెన్స్ వైపు వెళ్లే పాత దారి. రాటికోజా, ఫూటా కనుమలు వెయ్యి మీటర్ల లోపే. 1927 నుంచి 1957 దాకా సాగిన మిల్లే మిలియా రేసు ఈ దారి మీదుగానే వెళ్లేది. 1955లో బ్రిటిష్ రేసర్ స్టిర్లింగ్ మాస్ మెర్సిడెస్ రేసు కారు 300 ఎస్‌ఎల్‌ఆర్ మీద, ఇలాంటి మామూలు రోడ్ల గుండా గంటకు 157 కిలోమీటర్ల సగటుతో గెలిచాడు. స్టుట్‌గార్ట్‌లో చూసిన ఉహ్లెన్‌హౌట్ కూపే ఆ 300 ఎస్‌ఎల్‌ఆర్‌కు కప్పు వేసిన రూపమే. మేం అందులో సగం వేగం కూడా అందుకోలేదు. దారి ఖాళీ, ఎండ కాసింది, టాపు తీసేశాం. మూడో గేరు నుంచి రెండో గేరుకు బావ ఇప్పుడు శబ్దం లేకుండా వేస్తున్నాడు. ఈ మొత్తం ప్రయాణంలో ఒక్క దారినే ఎంచుకోమంటే ఇదే.

బొలోన్యాలో కారు అప్పగించాం, అదనపు రుసుము మీద అక్కడికే వచ్చి తీసుకెళ్లారు. ఇక కొనే సంగతి. బావ ఇంకా 911 అనే అంటున్నాడు గానీ, ఆగకుండా చెప్పే అంకెలు మాత్రం మారిపోయాయి. హార్స్‌పవర్ పోయి బరువు వచ్చింది, గరిష్ఠ వేగం పోయి తుప్పు వచ్చింది. నా లెక్క వేరు. ఆ ధరలో సగానికన్నా తక్కువకు ఒక మంచి స్పైడర్, అది దాచుకోవడానికి ఒక పొడి గ్యారేజీ, వానాకాలానికి మరో కారు. ఇంటి దగ్గర్లో కొండదారి లేనివాడు మాత్రం అసలు కొనొద్దు, ఏటా వచ్చి అద్దెకు తీసుకోవడమే చవక.

వెళ్లాలనుకుంటే జూన్ చివరా సెప్టెంబరూ మంచివి, స్టెల్వియో చలికాలమంతా మూసే ఉంటుంది. ఫూటాకు మాత్రం ఆదివారం వద్దు, బైకులవాళ్లంతా అక్కడే ఉంటారు.