పిల్లల కస్టడీ: మధ్యవర్తిత్వమా, కౌన్సెలర్ నివేదికా?

విడిపోతున్న దంపతుల కస్టడీ గొడవను ఫ్యామిలీ కోర్టు మధ్యవర్తిత్వానికి పంపవచ్చు, లేదా కౌన్సెలర్‌ను నివేదిక అడగవచ్చు.

మధ్యవర్తి తీర్పు చెప్పరు. దసరా సెలవులు ఎవరి దగ్గర, స్కూలు ఫీజు ఎవరు కట్టాలి, రాత్రి వీడియో కాల్ ఎన్నింటికి అన్నవి అమ్మానాన్నలే తేల్చుకుని రాసుకుంటారు. తాము ఒప్పుకున్న మాట కాబట్టి నిలబెట్టుకునే అవకాశం ఎక్కువ. లోటల్లా ఒక్కటే: మన పెద్దమనుషుల పంచాయితీలో లాగే ఇక్కడా బిడ్డను అడిగేవాళ్లు ఉండకపోవచ్చు.

కౌన్సెలర్ బిడ్డతో విడిగా మాట్లాడతారు. నాన్న ఎదుట నోరు విప్పని పిల్ల అక్కడ చెప్పుకుంటుంది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 12వ సెక్షన్ నిపుణుల సాయానికి వీలిస్తోంది. మధ్యవర్తిత్వంలో అన్న మాటలు మామూలుగా గోప్యం. కస్టడీ కేసుల్లో మాత్రం ఆ క్రమంలో వచ్చిన కౌన్సెలర్ నివేదికను కోర్టు చూడవచ్చని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. బిడ్డ క్షేమం కోసం అది సరైన మినహాయింపే.

మాట్లాడుకునే ఓపిక ఇద్దరికీ ఉంటే నా ఓటు మధ్యవర్తిత్వానికే. కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో మాత్రం వద్దు. భయపడే మనిషి దేనికైనా సరేనంటుంది. అక్కడ ముందు నివేదిక రావాలి.