యూరప్ కాన్ఫరెన్స్‌కి ‘వీసా ప్యాకేజీ’ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు చూసుకోండి

హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌లలో పరిశోధక విద్యార్థుల, అధ్యాపకుల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ప్రకటనలన్నీ ఒకే మూసలో ఉంటున్నాయి. ఇన్విటేషన్, స్లాట్ (వీసా అపాయింట్‌మెంట్), టికెట్, హోటల్, ఇన్సూరెన్స్ అన్నీ మేమే చూస్తాం, వీసా గ్యారంటీ అంటారు. షెంజెన్ వీసాకి, అంటే ఒక్కదానితోనే చాలా యూరప్ దేశాలకు వెళ్లనిచ్చే వీసాకి, గ్యారంటీ ఇవ్వగల ఏజెంట్ ఎవరూ లేరు. నిర్ణయం కాన్సులేట్‌ది. దరఖాస్తు తీసుకునే సెంటర్‌కి కూడా అందులో పాత్ర లేదు. ఏజెంట్ పెట్టే కాగితాలకు సంతకం మాత్రం మీది. ఒక్కటి అబద్ధమని తేలినా రిజెక్షన్ మీ పేరున పడుతుంది, ఐదేళ్ల వరకు షెంజెన్ దేశాల ఉమ్మడి వీసా రికార్డుల్లో ఉంటుంది, తర్వాత ఏ షెంజెన్ దేశానికి అప్లై చేసినా కనిపిస్తుంది.

ఎక్కువమంది దెబ్బతినేది టికెట్ దగ్గర. పీడీఎఫ్ చేతికి రాగానే ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో పీఎన్‌ఆర్ (బుకింగ్ కోడ్), ఇంటిపేరు కొట్టి చూడండి. ఆరు అక్షరాల పీఎన్‌ఆర్ ఉండి 13 అంకెల టికెట్ నంబరు లేదంటే అది డబ్బు కట్టని హోల్డ్. గడువు దాటితే దానంతటదే రద్దవుతుంది, చాలాసార్లు ఒకట్రెండు రోజుల్లోనే. ఆఫీసర్ మీ ఫైలు తెరిచేసరికి ఆ బుకింగే ఉండదు. పాత టికెట్ మీద పేరు మార్చి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. 13 అంకెల్లో మొదటి మూడూ ఎయిర్‌లైన్ కోడ్: ఎయిరిండియాకి 098, లుఫ్తాన్సాకి 220. పైన ఒక ఎయిర్‌లైన్ పేరు, కింద ఇంకోదాని కోడ్ ఉంటే ఎందుకో అడగండి. వీసా రాకముందే పూర్తి డబ్బు కట్టి టికెట్ కొనాలన్న నియమం షెంజెన్ వీసా కోడ్‌లో (ఆ వీసాల నిబంధనావళిలో) లేదు. రానుపోను రిజర్వేషన్ చాలు, కానీ నిర్ణయం వచ్చేదాకా అది బతికి ఉండాలి. హోటల్‌కీ అంతే. ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్న గదిని మీ పేరున, మీ మెయిల్‌తో మీరే బుక్ చేసుకోండి. ఏజెంట్ చేసినదైతే మీకు తెలియకుండానే రద్దయిపోవచ్చు.

స్లాట్ పేరిట వేలకు వేలు అడుగుతారు. కట్టాల్సింది వీసా ఫీజు, సెంటర్ సర్వీస్ ఛార్జీ మాత్రమే, అదీ నేరుగా సెంటర్‌కే. ఏజెంట్ ఫోన్‌పేకి కాదు. అపాయింట్‌మెంట్ సైట్‌లో అకౌంట్ మీ మెయిల్‌తో, మీ నంబరుతో తెరవండి. ఏజెంట్ మెయిల్‌తో తెరిస్తే ఓటీపీలన్నీ అతనికే వెళ్తాయి, తేడా వచ్చిననాడు అపాయింట్‌మెంట్ రద్దు చేయడం అతని చేతిలో పని. బాట్‌లతో (మనిషి బదులు స్లాట్లు పట్టే సాఫ్ట్‌వేర్‌తో) బుక్ చేసిన స్లాట్ కూడా నిలవకపోవచ్చు: 2025 మార్చిలో అలాంటి సుమారు 2,000 అమెరికా వీసా అపాయింట్‌మెంట్లను మన దేశంలోని అమెరికా ఎంబసీ రద్దు చేసింది.

ఇంకో పెద్ద ప్రమాదం దేశం మార్చడం. కాన్ఫరెన్స్ వియన్నాలో మూడు రోజులు. ఆస్ట్రియా స్లాట్ లేదని వేరే దేశానికి వేసి, అక్కడ ఐదు రాత్రుల హోటల్ చూపిస్తారు. ఇన్విటేషన్ ఒకచోటికి, ఇటినరరీ ఇంకోచోటికి! ప్రయాణ ఉద్దేశం నమ్మదగ్గట్టు లేదని తిప్పి పంపడానికి అది చాలు. వెళ్లే పని ఏ దేశంలో ఉందో ఆ దేశానికే అప్లై చేయాలి. ఆరు నెలల ముందు నుంచే వేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు వేయాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 దాకా పట్టొచ్చు. పేపర్ యాక్సెప్ట్ అయిన రోజే స్లాట్ వెతకడం మొదలుపెట్టండి.

బ్యాంకు ఖాతాలో నాలుగు రోజుల కోసం లక్షలు వేయించే ‘సర్వీస్’ జోలికి అసలు వెళ్లొద్దు. స్టేట్‌మెంట్‌లో ఆ ఒక్క ఎంట్రీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇన్సూరెన్స్ కవర్ కనీసం 30,000 యూరోలు ఉండాలి. చౌక పాలసీల మీద 30,000 ‘డాలర్లు’ అని ఉంటుంది, అది సరిపోదు. 50,000 డాలర్ల ప్లాన్ తీసుకుని, షెంజెన్ దేశాలన్నిటికీ, వెళ్లే రోజు నుంచి తిరిగొచ్చే రోజు వరకు వర్తిస్తుందో లేదో చూడండి.

ఏజెంట్లు నోరెత్తని మాట ఒకటుంది. పెద్దలకు వీసా ఫీజు 2024 జూన్ 11 నుంచి 90 యూరోలు. కానీ శాస్త్రీయ సదస్సులో పాల్గొనడానికి వెళ్లే పరిశోధకులకు షెంజెన్ వీసా కోడ్‌లోనే ఫీజు మినహాయింపు ఉంది. సెంటర్ ఛార్జీ మాత్రం కట్టాలి. ఏ కాగితం అడుగుతారో ఆ దేశపు చెక్‌లిస్ట్‌లో చూసి, మీ సంస్థ లెటర్‌హెడ్ మీద మీ పరిశోధన హోదా రాయించుకుని వెళ్లండి. ప్యాకేజీలో ఈ 90 యూరోలు కలిపి తీసుకుని ఉంటే రసీదు అడగండి.

ఇన్విటేషన్ కూడా అమ్ముతున్నారంటే కాన్ఫరెన్స్‌నే అనుమానించాలి. అబ్‌స్ట్రాక్ట్ పంపిన మర్నాడే యాక్సెప్టెన్స్, ఒకే హోటల్‌లో అవే తేదీల్లో దంతవైద్యం, నానో టెక్నాలజీ, నర్సింగ్ సదస్సులు కనిపిస్తే డబ్బు కట్టకండి. కమిటీలో పేరున్న ఇద్దరికి వాళ్ల యూనివర్సిటీ మెయిల్‌కి రాసి అడగండి. పేరున్నవాళ్లు వస్తున్నారని అబద్ధం చెప్పి సదస్సులు నడిపిన హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ప్రచురణ సంస్థపై, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా తీర్పు వచ్చింది. అసలైన సదస్సుకి కట్టేటప్పుడూ, వీసా రాకపోతే రిజిస్ట్రేషన్ ఫీజు తిరిగిస్తారా, రిజెక్షన్ లెటర్ ఏ తేదీలోగా పంపాలి అన్నది చదివి స్క్రీన్‌షాట్ పెట్టుకోండి.

ఇప్పటికే కట్టేసి ఉంటే ఒరిజినల్ పాస్‌పోర్ట్ ఇవాళే వెనక్కి తెచ్చుకోండి. మోసమని తేలితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి యూపీఐ లావాదేవీ నంబరు చెప్పండి. గంటలు గడిచేకొద్దీ డబ్బు వేరే ఖాతాలకు వెళ్లిపోతుంది, ఆపడం కష్టమవుతుంది. చాట్‌లు డిలీట్ చేయకండి, ‘గ్యారంటీ’ అని రాసిన మెసేజే మీ దగ్గరున్న ఆధారం.