నీళ్లల్ల బర్రె బేరం: ఏజ్ ఆఫ్ వండర్స్ 4 రెండేండ్లు ఆడినంక ప్రీ-ఆర్డర్ మీద ఒక లెక్క

నీళ్లల్ల బర్రెను పెట్టి బేరం చేసినట్టు అని ఊర్లల్ల సామెత. దేవరకద్ర సంతకు పోయినోళ్లు ఎద్దు నోరు తెరిచి పండ్లు చూడంది పైసలు తియ్యరు. అదే ఇంట్ల పిల్లగాడు ఇంకా తయారే కాని గేమ్‌కు, ట్రైలర్‌ల డ్రాగన్ నిప్పు కక్కుడు చూసి, మూడు వేల రూపాయలు ముందే కట్టేస్తడు, దీన్నే ప్రీ-ఆర్డర్ అంటరు. ట్రైలర్‌ల కొమ్ములు కనబడతయి, పొదుగు కనబడదు. 90వ టర్నుల (వంతుల) "ఎండ్ టర్న్" నొక్కినంక ఎంతసేపు ఆగాలె, కంప్యూటర్ ఆడించే శత్రురాజుకు బుద్ధి ఉన్నదా లేదా, ఇవి ఏ వీడియోల ఉండయి. ఫాంటసీ టర్న్-బేస్డ్ (మాయలోకంల వంతులేసుకొని ఆడే) ఆటలకు ఈ చిక్కు మిగతా ఆటలకంటె ఎక్కువ. ఎందుకనేది ఏజ్ ఆఫ్ వండర్స్ 4 పట్టుకొని చెప్తే తేటగ తెలుస్తది.

నెదర్లాండ్స్‌ల ఉన్న ట్రయంఫ్ స్టూడియోస్ చేసిన ఆట ఇది, సొంత జాతిని కట్టి, పట్నాలు పెంచి, దండులతోని కొట్లాడాలె. పారడాక్స్ ఇంటరాక్టివ్ 2023 మే 2న పీసీ, ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ మీద విడుదల చేసింది. తీర్పు ముందే చెప్తే: ఆట మంచిది, ఇయ్యాల కొంటే నష్టం లేదు. గానీ ఇయ్యాల మంచిగున్న ఆట విడుదల రోజు కొన్నోళ్లకు ఇదే రూపంల దొరకలేదు. నడుమ వచ్చిన ఉచిత అప్‌డేట్లు చానా మార్చినయి. ఉదాహరణకు 2024 జూన్ అప్‌డేట్‌తోని మిస్టిక్ అనే సంస్కృతి (జాతి ఆడే తీరు) ఒక్కటే ఉన్నది మూడు పాయలైంది. 2023ల తీసిన సలహా వీడియోలు సగం ఇప్పుడు పనికిరావు.

ముందుగ వాపసు సంగతి, ఎందుకంటే "నచ్చకపోతే రీఫండ్ అడుగుదం" అనుకునే చానామంది ప్రీ-ఆర్డర్ చేస్తరు. స్టీమ్‌ల (కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణంల) ముందే కొంటే పైసలు అప్పుడే కట్ అయితయి. విడుదలయ్యేదాక ఎప్పుడడిగినా తిరిగి ఇస్తరు. విడుదలైనంక మామూలు రూలే: 14 రోజుల లోపల అడగాలె, ఆడింది 2 గంటలు దాటొద్దు. పిరం ఎడిషన్ కొన్నోళ్లకు కొన్ని రోజులు ముందే ఆడనిస్తరు కదా, ఆ ఆడిన టైం కూడా 2 గంటల లెక్కలకే వస్తది. 2024 ఏప్రిల్ నుంచి గట్లనే ఉన్నది. మెనూ తెరిచిపెట్టి చాయ్‌కు పోయినా గడియారం తిరుగుతనే ఉంటది. పైసలు కట్టిన దారిలనే వాపసు పంపుడు కుదరకపోతే స్టీమ్ వాలెట్‌ల వేస్తరు, అంటే అవి మళ్లా గేమ్‌లకు తప్ప దేనికీ పనికిరావు. బయటి సైట్ల అగ్గువకు దొరికిన కీ అయితే స్టీమ్ రీఫండ్ దానికి అసలే వర్తించదు.

ఇగ ఆ 2 గంటలల్ల ఈ ఆట ఎంత కనబడతది? మొదట జాతిని తయారు చేసుకోవాలె: రూపం, ఒంటి లక్షణాలు, సమాజ లక్షణాలు, సంస్కృతి, మొదటి టోమ్ (మంత్రాల పుస్తకం), తర్వాత పాలకుడు ఛాంపియనా విజార్డ్ కింగా, వాని మొఖం, బట్టలు. ఎలుక జాతికి ఫ్యూడల్ సంస్కృతి పెట్టాల్నా, బార్బేరియన్ పెట్టాల్నా అని ఆలోచించుకుంటనే అరగంట పోతది. ఈ ఆటల అన్నిటికంటె మజా ఉన్న భాగం ఇదే, ఆ మాట ఒప్పుకోవాలె. తర్వాత నిమ్మలంగ ఆడేటోళ్లకు మిగిలిన గంటన్నరల 25 టర్నులు దాటుడే కష్టం. అప్పటికి చేతుల ఉండేది ఒక పట్నం, రెండు దండులు, ఒకటో రెండో టోమ్‌లు. కొట్లాటలన్నీ ఆరుగురి మీద నలుగురు. అంతా సాఫీగ, ముద్దుగ ఉంటది. రీఫండ్ అడిగే మనసు ఎవరికీ రాదు. ఆట అసలు బరువు తెలిసేది 70వ టర్ను దాటినంకనే, అప్పటికి 2 గంటలు ఎప్పుడో ఒడిసిపోయినయి.

ఆ బరువు ఏందో చెప్పాలె. ఒక్కో దండుల 6 యూనిట్లు (సిపాయి జట్లు). కొట్లాట జరిగే హెక్సును (ఆరు మూలల గడిని) ఆనుకొని ఉన్న దండులు కలుస్తయి, ఒక్కో దిక్కు 3 దండుల దాక. అంటే 18 మీద 18. చేతితోని ఆడితే అట్లాంటి యుద్ధం అరగంట తింటది, ఒక్కో టర్నుల అట్లాంటియి రెండు కూడా పడొచ్చు. పైగా టోమ్‌ల నుంచి వచ్చే ఎన్‌చాంట్‌మెంట్లు (యూనిట్ల మీద నిలిచి ఉండే మంత్రాలు), జాతికి చేసే మార్పులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతయి. చివరికి ఒక్క ఈటె సిపాయి మీద మౌస్ పెడితే స్క్రీన్ నిండ రాత. వానికి నిప్పు ఆగుతదా ఆగదా అని వెతుక్కునేసరికి ఓపిక పోతది. కొత్తగ నేర్చుకునేటోళ్లు చానామంది ఇక్కడనే వదిలేస్తరు. ఆ రాత తెలుగుల లేదు, ఇంగ్లీషులనే చదువుకోవాలె.

మానా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) లెక్క తప్పుడు ఇంకోటి. ప్రతి ఎన్‌చాంట్‌మెంట్ టర్ను టర్నుకు మానా తింటది. మంత్రంతోని పిలిచిన జీవాలు గూడ జీతం మానాలనే అడుగుతయి. దొరికిందల్లా వేసుకుంట పోతే నడిమి ఆటకు ఆదాయం మైనస్‌లకు జారుతది, అప్పుడు యుద్ధంల మంత్రం వేసేతందుకు చుక్క మానా ఉండదు. దీనికి మందు ఒకటే: దండును రెండు రకాల యూనిట్ల చుట్టూనే కట్టాలె. డాలు పట్టినోళ్లు, విలుకాండ్లు అనుకుంటే, ఆ రెండు రకాలకు పనికొచ్చే మూడు నాలుగు ఎన్‌చాంట్‌మెంట్లు చాలు. దండుల ఒక్కడే మాంత్రికుడున్నడని మాంత్రికుల ఎన్‌చాంట్‌మెంట్ వేసుడు దండుగ.

యుద్ధంల నడక లెక్క తెలిస్తే సగం గెలిచినట్టే. ప్రతి యూనిట్‌కు టర్నుకు 3 యాక్షన్ పాయింట్లు, నడిచినకొద్ది అవి తరుగుతయి. మామూలు కత్తి సిపాయి కదలకుంట కొడితే మూడు దెబ్బలు కొడతడు, దూరం ఉరికి పోయి కొడితే ఒక్కటే. కాబట్టి ఎదురు ఉరుకుడు తప్పు. డాలు పట్టినోళ్లను డిఫెన్స్‌ల నిలబెట్టి, ఎనుక విలుకాండ్లను ఉంచి, శత్రువులనే మన దిక్కు రానియ్యాలె. వాళ్లు నడిచొచ్చి ఒక దెబ్బ కొడతరు, మనం మూడు కొడతం. గుడి బండల మీద పులి-మేక ఆడినోళ్లకు ఇది కొత్త కాదు, మేకలు తొందరపడితేనే పులికి పండుగ. ఎదురు దిక్కు కూడా విలుకాండ్లు, మాంత్రికులు ఎక్కువుంటే మాత్రం ఆగుడు పనికిరాదు, గుర్రపోళ్లతోని పక్కల నుంచి ఎనుకకు పోయి కొట్టాలె.

అన్ని యుద్ధాలు చేతితోని ఆడాల్సిన పని లేదు. ఆటో యుద్ధం అయినంక ఎంతమంది సచ్చిన్రో చూపిస్తది. నచ్చకపోతే దాన్ని ఒప్పుకోకుంట అదే యుద్ధం మళ్లా చేతితోని ఆడొచ్చు. హీరో గానీ పైస్థాయి యూనిట్ గానీ పోతే మళ్లా ఆడాలె, చిన్న సిపాయి పోతే ఊకోవాలె. ఈ ఒక్క సౌకర్యం లేకపోతే నూరు టర్నుల ఆట ఎవరూ ఒడగొట్టరు. కొత్త ఆట ఏది చూసినా మొదట వెతకాల్సింది ఇదే.

పట్నాల సంగతి తొందరగ చెప్తే: అవుట్‌పోస్టులు (చిన్న ఠాణాలు) ముందు మంచి జాగల్ల పెట్టుకోవాలె, పట్నంగ మార్చుడు తర్వాత. ఇంపీరియం అనే ఇంకో రకం సొమ్ము బంగారం తీరు ఎగబడి దొరకదు, దాన్ని చిల్లర పనులకు పెడితే పట్నాల గరిష్ఠ సంఖ్య పెంచేటప్పుడు చేతులు ఖాళీ.

ఇప్పుడు అసలు ప్రశ్న. కొత్త ఆట వస్తున్నది, కట్టాల్నా ఆగాల్నా? ఎడిషన్ల లెక్క మొదట. ఏజ్ ఆఫ్ వండర్స్ 4 ప్రీమియం ఎడిషన్‌ల ఎక్స్‌పాన్షన్ పాస్ (తర్వాత వచ్చే అదనపు భాగాల టికెట్) కలిపి అమ్మిన్రు. అందుల డ్రాగన్ డాన్ 2023 జూన్‌ల, ఎంపైర్స్ అండ్ యాషెస్ నవంబర్‌ల, ప్రైమల్ ఫ్యూరీ 2024 ఫిబ్రవరిల, ఎల్డ్రిచ్ రెల్మ్స్ 2024 జూన్‌ల వచ్చినయి. చివరిది చేతికి వచ్చేసరికి 13 నెలలు. చెప్పినయన్నీ ఇచ్చిన్రు, మాట తప్పలేదు. కానీ 13 నెలల తర్వాత వచ్చే సరుకుకు ఇయ్యాల పైసలు కట్టుడు, ఆ నడుమ రెండు పెద్ద సేల్‌లు పోనిచ్చుడు, ఇది లెక్క చూసుకునే మనిషి పని కాదు. పాస్ తోని కొనాలంటే ఆఖరి భాగం వచ్చినంకనే కొనాలె. స్టీమ్‌ల వేసవి సేల్ జూన్ చివరి నుంచి, చలికాలపు సేల్ డిసెంబర్ రెండో సగంల నుంచి నడుస్తది.

ఈ తీరు ఆటల చరిత్ర గూడ తొందరపడమని చెప్పదు. 2010 ఆగస్టుల స్టార్‌డాక్ వాళ్ల ఎలిమెంటల్: వార్ ఆఫ్ మ్యాజిక్ సగం ఉడికిన అన్నం లెక్క వచ్చింది. కంపెనీనే తప్పు ఒప్పుకొని, 2012ల వచ్చిన ఫాలెన్ ఎన్‌చాంట్రెస్‌ను ఆ 2010 కొనుగోలుదారులకు ఉచితంగ ఇచ్చింది. పెద్దమనిషి తరీక, కాదనలేం, గానీ పనికొచ్చే ఆట చేతికి రెండేండ్లు ఆగి వచ్చింది. సాంగ్స్ ఆఫ్ కాంక్వెస్ట్ దారి వేరు: 2022 మేల ఎర్లీ యాక్సెస్ అని బోర్డు పెట్టి అమ్మిన్రు, 2024 మేల పూర్తి ఆట అన్నరు. ఇది సగమే అని చెప్పి అమ్మితే కొనేటోనికి సోయి ఉంటది. పూర్తి ఆట అని చెప్పి సగం అమ్మితేనే తంటా.

విడుదల రోజు కొననే కొన్నరనుకుంటే, ఆ 2 గంటలను పరీక్షకు వాడాలె, మజాకు కాదు. సొంత జాతి తయారు చేసుకుంట కూసోవద్దు, తయారుగున్నదాన్ని తీసుకోవాలె. ఉన్న అన్నిటికంటె పెద్ద మ్యాప్, అందరికంటె ఎక్కువమంది పాలకులు, ఇగ ఏం చెయ్యకుంట ఎండ్ టర్న్ 25 సార్లు నొక్కాలె. ఒకటో టర్నుల శత్రువుల వంతు ఎన్ని సెకన్లు పట్టింది, 25వ దాంట్ల ఎన్ని పట్టింది, ఫోన్ల రాసుకోవాలె. 25 టర్నులకే మూడింతలైతే నూరో టర్ను ఎట్లుంటదో చెప్పక్కర లేదు. తర్వాత ఒక యుద్ధం ఆటోల పెట్టి, అదే యుద్ధం చేతితోని ఆడి, సచ్చినోళ్ల లెక్క పోల్చాలె. రెండింటికి భూమ్యాకాశాల తేడా ఉంటే రేపు ప్రతి చిన్న కొట్లాట చేతితోనే ఆడాల్సి వస్తది. చిన్న ల్యాప్‌టాప్ అయితే అక్షరాల సైజు పెంచే సెట్టింగ్ ఉన్నదో లేదో అప్పుడే చూడాలె. యుద్ధం నడుమ సేవ్ అయితదా అనేది గూడ.

ఆ ఆఖరిది మన దిక్కు ముఖ్యం. మిర్యాలగూడల గాలిదుమారం లేస్తే కరెంటు ఎప్పుడు పోతదో తెల్వదు. 18 మీద 18 ఆడుతున్నప్పుడు పోతే, యుద్ధం నడుమ సేవ్ లేని ఆటల అరగంట గంగల కలిసినట్టే. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకుంటే ఆటోసేవ్ ప్రతి టర్నుకు పెట్టుకోవాలె, పాత ఆటోసేవ్‌లు ఒకటి కాదు అయిదారు ఉంచుకునేటట్టు సెట్ చెయ్యాలె. ఒక్కటే ఉంటే, రాసేటప్పుడే కరెంటు పోతే ఆ ఒక్కటీ ఖరాబైతది.

ఎండ సంగతి. మే నెలల నల్లగొండల 45 డిగ్రీలు దాటినప్పుడు ల్యాప్‌టాప్ ఊకెనే కాగుతది. టర్న్-బేస్డ్ ఆటకు సెకనుకు 144 ఫ్రేములు ఎందుకు? ఎవ్వడూ ఉరుకుతలేడు. ఫ్రేమ్ లిమిట్ 30కో 40కో పెట్టాలె, వీ-సింక్ (స్క్రీన్ వేగానికి ఫ్రేములను జోడించే సెట్టింగ్) వెయ్యాలె, నీడలు ఒక మెట్టు తగ్గించాలె. ఫ్యాన్ మోత తగ్గుతది, శత్రువుల వంతు గూడ జర జల్దీ అయితది, ఎందుకంటే ఆ ఆలోచన చేసేది ప్రాసెసర్, వేడెక్కితే దాని వేగం తనంతట తనే తగ్గించుకుంటది. గ్రాఫిక్స్ కార్డు మీద పైసలు పెట్టుడుకంటె ర్యామ్ 16 జీబీ చేసుకొని ఎస్‌ఎస్‌డీ వేసుకునుడు ఈ రకం ఆటలకు మేలు.

ప్రీ-ఆర్డర్‌కు న్యాయమైన కారణం ఒకటున్నది: ముందే డౌన్‌లోడ్. ఫైబర్ రాని ఊరిల దినానికి 2 జీబీ మొబైల్ డేటాతోని 20 జీబీ దించాలంటే పది దినాలు. ఆట ప్రీ-లోడ్ ఇస్తుంటే ముందే దింపి పెట్టుకొని, ఆడి చూసినోళ్ల మాట విడుదలకు ఒక దినం ముందైనా బయటికొస్తే చదివి, బాగలేదంటే విడుదల కాకముందే రీఫండ్ కొట్టొచ్చు. విడుదల దినందాక సమీక్షలే రానియ్యకపోతే అదే జవాబు అనుకోవాలె. ముందే కొన్నోళ్లకు ఇచ్చే ఉచిత కిరీటాలు, గుర్రం మీద కప్పే బట్టలు లెక్కల పెట్టొద్దు, వాటితోని ఒక్క యుద్ధం గెలవరు.

ఏజ్ ఆఫ్ వండర్స్ 4 ఇప్పుడు కొత్తగ కొనేటోళ్లు ఉత్త బేస్ ఆట తీసుకుంటే చాలు, ఆరు సంస్కృతులు అందులనే ఉన్నయి. రెండు రెల్మ్‌లు (ఆటల లోకాలు) ఒడగొట్టినంక గూడ ఆడబుద్ధైతే మొదట ఎంపైర్స్ అండ్ యాషెస్, తుపాకులు పట్టే రీవర్ సంస్కృతి ఆడే తీరునే మారుస్తది. డ్రాగన్‌ను పాలకునిగ పెట్టుకోవాలని మనసుంటే డ్రాగన్ డాన్. ఎల్డ్రిచ్ రెల్మ్స్ ఆఖరికి, అది అంబ్రల్ అబిస్ అని ఇంకో పొర కలుపుతది, మ్యాప్ చూసుకునే పని పెరుగుతది. పెద్ద అప్‌డేట్ వస్తున్నదని తెలిస్తే నడుస్తున్న ఆట ముందే ఒడగొట్టుకోవాలె. లేదంటే స్టీమ్‌ల ఆట ప్రాపర్టీస్ తెరిచి బీటాస్ అనే చోట పాత వెర్షన్ ఉంచిన్రేమో చూసి, ఉంటే దాని మీదనే ఆగాలె. అప్‌డేట్ అయినంక పాత సేవ్ తెరుచుకున్నా టోమ్‌ల లెక్కలు మారి ఉంటయి.