ఆఫీసు చుడీదార్లకు నెల్లూరులో నమ్మదగ్గ టైలర్ అక్క

మాలాంటి ట్రాన్స్ మహిళలకు రెడీమేడ్ కుర్తీలు ఒక పట్టాన సరిపోవు. భుజాల దగ్గర పట్టేస్తాయి, నడుము దగ్గర సంచిలా వేలాడతాయి. రొయ్యల ఎగుమతి కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం ఖాయమయ్యాక నా టెన్షనంతా బట్టల గురించే. ట్రాన్స్‌జెండర్లపై ఉద్యోగంలో వివక్ష చూపకూడదని 2019 చట్టం చెబుతుంది, కలెక్టర్ గారిచ్చే గుర్తింపు కార్డూ వచ్చేసింది. అయినా పొద్దున్నే అద్దం ముందు నిలబడే ధైర్యం కావాలి కదా.

స్టోన్‌హౌస్‌పేటలో ఇంటి ముందుగదిలోనే కుడుతుంది ఈ అక్క. పరదా వేసి కొలతలు తీసుకుంది. "ఎట్టా కావాలమ్మా?" అంది, అంతే. హార్మోన్లు వాడుతున్నాను, ఛాతీ రెండు మూడేళ్ల దాకా మారుతూ ఉంటుందని చెప్పాను. పక్క కుట్ల లోపల బట్ట బాగా ఎక్కువ వదిలి, "పట్టేసినప్పుడు తీసుకురామ్మా, ఈ కుట్టు విప్పితే సరిపోద్ది" అని వేలితో చూపించింది. భుజాలు వెడల్పుగా కనపడకుండా వి నెక్ పెట్టింది. చేతులు మోచేయి దాటేలా పెట్టింది. చెయ్యెత్తి ర్యాకులోంచి ఫైలు తీసినా ఎక్కడా లాగదు.

చెప్పిన రోజుకు మాత్రం ఇవ్వదు. పండగల ముందైతే అసలు ఇవ్వకండి. లైనింగ్ మీరే తడిపి ఆరేసి ఇవ్వండి, నాదొకటి ఉతికాక ముడుచుకుపోయింది. కూలి కాస్త ఎక్కువే, నేనైతే సంతోషంగా ఇస్తున్నాను. ఎండాకాలానికి వెంకటగిరి కాటన్ కూడా ఆమెకే ఇచ్చాను.