ఆకురాయి ఎక్కని రంపం: మూడేళ్ళ వాడకం తర్వాత

రెండువైపులా పళ్ళుండే జపాన్ రంపం, అదే ర్యోబా, కొని మూడేళ్ళు దాటింది. మొదటి ఏడాది దీన్ని ఎంత పొగిడానంటే, ఇద్దరు స్నేహితుల చేత కూడా కొనిపించాను. ఇప్పుడు వాళ్ళకి కొంచెం సంజాయిషీ చెప్పుకోవాలి.

నాకు వడ్రంగి బల్ల లేదు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పీట మీద చెక్క పెట్టి, కాలితో తొక్కిపట్టి కోస్తాను. తోసి కోసే రంపంతో పీటా, చెక్కా, నేనూ కలిసి ముందుకి జరిగేవాళ్ళం. ఇది లాగితే కోస్తుంది కాబట్టి ఆ గొడవ పోయింది. లాగేటప్పుడు రేకు బిగుసుకుంటుంది గనక అర మిల్లీమీటరు మందమే ఉన్నా వంగదు. కుసికి, అంటే ఇంకో చెక్క బెజ్జంలోకి దించే కొసకి, నిలువు కోతలు పెద్ద పళ్ళతో, అడ్డకోతలు సన్న పళ్ళతో. ఉలి తగలకుండానే కుసి బెజ్జంలో దిగిన రోజు ఇంట్లో అందరికీ చూపించాను. ఎవరూ పట్టించుకోలేదనుకోండి.

నిరుడు పాత టేకు గుమ్మం ఒకటి దొరికితే స్టూలు చేద్దామని మొదలుపెట్టాను. లోపల తల విరిగిన మేకు ఉన్నట్టు తెలియలేదు. టిక్కుమని చప్పుడు. సన్నవైపు వరసగా ఐదు పళ్ళు లేవు. తప్పు నాదే, ఏ రంపమైనా దెబ్బతినేదే. కానీ ఊరెళ్ళినప్పుడు మా వడ్రంగి తాతకి చూపిస్తే, ముక్కోణపు ఆకురాయి తీసి పంటి మీద రెండుసార్లు లాగాడు. గాజు మీద జారినట్టు జారింది.

"ఇది అరగదు బాబూ, నా ఆకురాయే పోద్ది. రంపమంటే మళ్ళీ పళ్ళు తీసుకోవాలి గదా," అన్నాడు.

పళ్ళ కొసలు నీలిగా కనిపిస్తాయే, అక్కడివరకే ప్రత్యేకంగా వేడిచేసి గట్టిపరుస్తారు. అంతకాలం పదును నిలిచిందీ అందుకే, ఆకురాయి ఎక్కనిదీ అందుకే. జపాన్‌లో చేత్తో చేసే రంపాలకైతే పదును పెట్టే పనివాళ్ళున్నారు. నాది ఆ రకం కాదు, బ్లేడు మార్చుకునే రకం. కొత్త బ్లేడు ధర రంపం ధరలో మూడింట రెండు వంతులు, రావడానికి మూడు వారాలు.

ఇంకో మాట కూడా అప్పుడు చెప్పలేదు: పొట్టు మనవైపే వచ్చి గీతని కప్పేస్తుంది, ఊదుకుంటూ కొయ్యాలి. కోత ఒకసారి పక్కకి పోతే అంత పల్చటి రేకుని దారిలోకి తేవడం నా వల్ల కాలేదు.

అయినా కొత్త బ్లేడు వేయించాను. ఆదివారం రెండు గంటలు పనిచేసేవాడిని, బల్లకి చోటు లేనివాడిని; నాకిదే కుదురుతుంది. బల్ల ఉండి, రోజూ టేకో తుమ్మో కోసేవాళ్ళయితే వెన్నుపట్టీ (రేకు వంగకుండా పైఅంచున ఉండే గట్టి పట్టీ) ఉన్న, ఆకురాయికి లొంగే రంపమే చూసుకోండి. పాత గుమ్మాలకి మాత్రం తాత ఇచ్చిన పాత రంపమే వాడుతున్నాను. పళ్ళు పోయిన బ్లేడుతో ఎండిన ఫెవికాల్ గీకుతున్నాను, దానికి బ్రహ్మాండంగా ఉంది.