కూకట్‌పల్లి అటక మీద స్కీలు

మా ఫ్లాట్‌లో ఏడాదికి పదకొండు నెలలు అటకెక్కి కూర్చునే వస్తువు ఈ స్కీల జత, అంటే మంచు మీద జారడానికి బూట్లకు బిగించుకునే పొడవాటి పలకలు. “స్నో వరల్డ్‌కి ఇంత సరంజామానా?” అని ఊళ్లోని కృత్రిమ మంచు పార్కు పేరెత్తి మా ఆవిడ ఎగతాళి. కొన్నది కశ్మీర్‌లోని గుల్‌మర్గ్ కోసం.

రెండు జతలు మోసే ఓపిక లేదు. గొండోలా (అక్కడి కేబుల్ కారు) ఎక్కి పైనుంచి జారడానికీ, లిఫ్టు లేని కొండ నడిచి ఎక్కడానికీ ఒకటే జత కావాలి. పొడవు 178 సెంటీమీటర్లు, నడుము దగ్గర, అంటే స్కీ మధ్యలో సన్నగా ఉండే చోట, వెడల్పు 98 మిల్లీమీటర్లు. వంటింటి కాటా మీద పెడితే ఒక్కోటి 1,640 గ్రాములు తూగింది. ఇంకా తేలికవి ఉన్నాయి గానీ, గట్టిపడ్డ మంచు మీద గడగడ వణుకుతాయి. ఇవి అంతగా వణకవు.

గుల్‌మర్గ్ పైనున్న అఫర్వత్ కొండ మీద మెత్తటి మంచులో స్కీల ముక్కులు పైకి లేచి తేలాయి చూడండి, ఆ ఒక్క దిగుడుకే డబ్బులు వసూల్! ఎక్కేటప్పుడే తంటా. అడుగున స్కిన్‌లు (వెనక్కి జారకుండా పట్టు ఇచ్చే నూగు పట్టీలు) అంటించి, మడమ వదిలేసి నడుస్తుంటే రెండో గంటకే తొడలు పట్టేశాయి. బూటును స్కీకి బిగించే బైండింగ్, బూట్ల బరువు కూడా కలుస్తుంది మరి. స్కిన్ తోకవైపు కొక్కెం రెండుసార్లు ఊడితే టేపు చుట్టి లాగించాను.

రోజంతా ఎక్కేవాళ్లైతే నడుము వెడల్పు 90 మిల్లీమీటర్లకు దగ్గరగా, తేలికవి చూసుకోండి. లిఫ్టు మీద సగం, కాళ్ల మీద సగం అనుకుంటే ఇవి చాలు. బీకన్ (మంచు చరియ కింద పడితే ఆచూకీ తెలిపే పరికరం), మంచు తవ్వే పార, గైడ్ ఖర్చు వేరే.

ఇంటికొచ్చాక స్కీల ఉక్కు అంచులు తుడిచి ఆరబెట్టండి. మావి మొన్న వానాకాలంలో తుప్పు పట్టాయి.