మందంతటికీ నట్టల మందా, కన్ను చూసి కొన్నింటికేనా?

అక్టోబరు వానలు పడ్డాయంటే ఉదయగిరి మెట్టలోనైనా, సముద్రం పక్క బీళ్లలోనైనా గొర్రెలకు హీమాంకస్ బెడద మొదలవుతుంది. రక్తం పీల్చే ఈ నట్టల్లో ఒక్కో ఆడది రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. వెచ్చగా, తడిగా ఉంటే వారంలో పిల్లలు గడ్డెక్కుతాయి. గొర్రె మేసిన మూడు వారాలకు మళ్లీ గుడ్లు. తరాలు ఇంత తొందరగా మారుతుంటే ప్రకృతి వరణం, అంటే తట్టుకున్నవే మిగిలి పెరగడం, మన కళ్లముందే సాగుతుంది.

నట్టలు మందుకు అలవాటు పడ్డాయంటారు గానీ, ఏ నట్టా అలవాటు పడదు. ఆల్బెండజోల్ అనే నట్టల మందు వాటి ఒంట్లోని బీటా ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటుంది; ఆ ప్రోటీన్ జన్యువులో చిన్న మార్పున్న నట్టలు ముందునుంచే కొన్ని ఉంటాయి. మందు మిగతావాటిని చంపేస్తే, తర్వాతి గుడ్లన్నీ వీటివే.

మందంతటికీ ఒకే రోజు తాగించడం తేలిక, ఒక్క పూటలో పని అయిపోతుంది. చిక్కంతా అక్కడే. మందుకు చచ్చే మామూలు నట్టలు గొర్రెల్లో మిగలవు, చావని మొండివే మిగులుతాయి. ఆ వెంటనే జీవాలను కొత్త బీడుకు తోలితే మరీ అన్యాయం: అక్కడ పడే గుడ్లన్నీ మందుకు చావని వాటివే.

రెండో పద్ధతిలో కింది రెప్ప లాగి లోపలి పొర రంగు చూస్తారు. జోడిపి రకం గొర్రెకు కంటి చుట్టూ ఉండే నలుపుతో పనిలేదు, లోపలి పొరే చూడాలి. ఎర్రగా ఉంటే వదిలేయండి. పాలిపోయినా, దవడ కింద నీరు దిగినా మందు పోయండి. పిల్లలకూ, చూడి గొర్రెలకూ కాస్త పాలిపోగానే పోయాలి. మందు పడని గొర్రెల్లోని మామూలు నట్టలు బీట్లో కలుస్తుంటాయి. వాటితో జతకట్టిన మొండివాటికి పుట్టే పిల్లలు చాలావరకు పూర్తి మోతాదుకు చస్తాయి. నా ఓటు దీనికే, వానల్లో రెండు వారాలకోసారి చూసే ఓపిక ఉంటే. కార్జపు జలగ ఉన్నా కన్ను పాలిపోతుంది కాబట్టి అనుమానమొస్తే పెంటికల పరీక్ష చేయించాలి.

ఏ పద్ధతైనా మోతాదు తగ్గితే చెడ్డదే; మామూలు నట్టలకూ మొండివాటికీ పుట్టిన ఆ సగం-మొండి పిల్లలు కూడా బతికిపోతాయి. ఆల్బెండజోల్ అయితే కిలో బరువుకు 7.5 మిల్లీగ్రాముల లెక్కన 30 కిలోల గొర్రెకు 225 మిల్లీగ్రాములు, అంటే 2.5 శాతం ద్రావణం 9 మిల్లీలీటర్లు. కంటిచూపు అంచనా వద్దు, తూకం వేయండి. మందు నాలుక వెనక్కి పోయాలి. చూడి కట్టిన మొదటి నెలలో ఆల్బెండజోల్ అసలు వద్దు, పిల్లలు అవకరంతో పుట్టే ప్రమాదముంది.

ఇక మందు మార్చడం. ఆల్బెండజోల్ మానేసి ఫెన్‌బెండజోల్ తెస్తే మారింది సీసా మాత్రమే, రెండూ ఒకే గుంపు. లెవమిసోల్, ఐవర్‌మెక్టిన్ వేరు గుంపులు. అయితే మార్చేముందు పాతది పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలి: మందు పోసే రోజొకసారి, 10–14 రోజులకు మరోసారి పెంటికల్లో గుడ్లు లెక్కపెట్టించండి. 95 శాతం తగ్గకపోతే ఆ గుంపు మందు ఆ మందలో ఇక నమ్మదగింది కాదు.